నెయ్యి గిన్నె మీద నింద

మన ఇళ్ళల్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందంటే, ఆసుపత్రి వరండాలో చేరిన చుట్టాలు మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటో మీకు తెలియంది కాదు. "ఇంట్లో నూనె ఎక్కువ వాడతారా?" ఈ ప్రశ్న రోగిని చూసి అడగరు. పక్కనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆవిడను చూసి అడుగుతారు.

2018లో మా అన్నయ్యకు గుండెపోటు వచ్చినప్పుడు మా వదినను ఆ ప్రశ్న అడిగింది ఎవరో పరాయివాళ్ళు కాదండీ, నేనే. ఆడపడుచుని కదా, ఆ మాత్రం అధికారం ఉందనుకున్నాను. "నువ్వు వేపుళ్ళు తగ్గించమంటే విన్నావా వదినా?" అన్నాను. వదిన ఏమీ అనలేదు. మా అమ్మ మాత్రం అందుకుంది. "గుత్తివంకాయ కూరలో నూనె పైకి తేలితే గానీ దానికి తృప్తి ఉండదు" అని.

అన్నయ్యకు అప్పుడు నలభై నాలుగేళ్ళు. సన్నగా రివటలా ఉంటాడు. సిగరెట్టు లేదు, మందు లేదు. హైస్కూల్లో లెక్కల మాస్టారు, రోజూ సైకిలు మీదే బడికి వెళ్ళేవాడు. ముందురోజు ఛాతీలో మంటగా ఉందని ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరికి వెళితే గ్యాస్ అని చెప్పి మందు రాసి పంపారు. మర్నాడు తెల్లవారుజామున చెమటలు పట్టి పడిపోతే కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్ళాం. రెండు స్టెంట్లు వేశారు. బతికి బయటపడ్డాడు.

మూడో రోజున గుండె డాక్టరుగారు రౌండ్సుకి వచ్చి ఒక విచిత్రమైన పని చేశారు. దుప్పటి తీసి అన్నయ్య మడమ వెనకాల నరాన్ని వేళ్ళతో పట్టి చూశారు. అది తాడులా లావుగా ఉంది. నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఉంటే అది కూడా చూశారు. ముసలివాళ్ళ కళ్ళలో కనిపించే వలయం నలభై నాలుగేళ్ళకే ఉందన్నమాట. అప్పుడు మా అమ్మ వైపు తిరిగి, "వీళ్ళ నాన్నగారు ఎలా పోయారమ్మా?" అని అడిగారు.

మా నాన్నగారు 1996లో బస్టాండులో కూలబడి పోయారు, నలభై ఎనిమిదేళ్ళకి. పెదనాన్నగారు యాభై ఒకటికి. ఇద్దరూ గుండెతోనే. అన్నయ్య రక్తపరీక్షలో ఎల్.డి.ఎల్. అనే చెడ్డ కొలెస్ట్రాల్ 248 ఉంది. వంద లోపు ఉంటే మంచిదంటారు. పెద్దవాళ్ళలో 190 దాటితే ఇది వంశంలో వస్తోందేమో అని అనుమానించాలట.

"ఇది మీ వంట వల్ల వచ్చింది కాదమ్మా. వీళ్ళ రక్తంలో ఉంది. మీ పిల్లలకి, ఈయన తోబుట్టువులకి కూడా పరీక్ష చేయించండి" అన్నారు డాక్టరుగారు వదినతో. ఆవిడ అప్పుడు ఏడ్చింది చూడండి, స్టెంట్లు వేసే రోజున కూడా అంత ఏడవలేదు.

ఊడ్చేవాళ్ళే కూలబడితే

నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే, అది కూడా బై.పి.సి. పెళ్ళయ్యాక పుస్తకం ముఖం చూడలేదు. మా అమ్మాయి బి.యస్సీ.లో బయోటెక్నాలజీ తీసుకుంది. అది చదివి చెబుతుంటే నేను పప్పు రుబ్బుకుంటూ, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ విన్నవే ఇవన్నీ. నాకు అర్థమైన భాషలోనే చెబుతాను.

రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటుంది అనగానే మనం ఏమనుకుంటాం? సింకు గొట్టంలో జిడ్డు పట్టినట్టు లోపల గోడకి నెయ్యి గడ్డకడుతుందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అది అలా కాదట. ఆ పూడికలో చాలా భాగం మన ఒంటిని కాపాడే కణాలేనట! రోగక్రిములు వస్తే మింగేసే తెల్లకణాలు ఉంటాయి చూశారూ, వాటిలో ఒక రకానికి మాక్రోఫేజ్ అని పేరు. గ్రీకు భాషలో పెద్ద తిండిపోతు అని అర్థమట.

ఈ మింగే కణాలను పట్టుకున్న కథ బాగుంటుంది. 1882లో మెచ్నికోవ్ అనే రష్యా దేశపు శాస్త్రవేత్త ఇటలీలో మెస్సీనా అనే ఊళ్ళో ఉన్నాడు. ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌కి వెళితే, ఈయన ఒక్కడే ఉండి సూక్ష్మదర్శినిలో సముద్రపు నక్షత్రచేప పిల్లలను చూస్తున్నాడు. అవి అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. పెరట్లోంచి గులాబీ ముళ్ళు తెచ్చి వాటికి గుచ్చాడు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! అలా ఒంట్లో కాపలా కాసే కణాలున్నాయని తెలిసింది. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఇంట్లోవాళ్ళు సర్కస్‌కి వెళితే మగవాళ్ళు మంచి పనులు కూడా చేస్తారన్నమాట!

ఈ తిండిపోతులు క్రిములనే కాదు, చచ్చిన కణాలను, చెత్తను కూడా మింగుతాయి. మన వీధి ఊడ్చేవాళ్ళలాంటివి. రక్తంలో ఎల్.డి.ఎల్. ఎక్కువైతే అది రక్తనాళం గోడలోకి దూరి అక్కడే చిక్కుకుపోతుంది, పాడవుతుంది. అప్పుడు ఊడ్చేవాళ్ళు వచ్చి దాన్ని ఎత్తుతారు. వచ్చిన చిక్కేమిటంటే, మిగతా కణాలకు సరిపడా కొలెస్ట్రాల్ దొరకగానే ఇక చాలు అని నోరు మూసుకోవడం తెలుసు. ఈ తిండిపోతులకు మాత్రం అది తెలియదు. పాడైన ఎల్.డి.ఎల్.ని మింగుతూనే ఉంటాయి. లోపలంతా కొవ్వు బుడగలు నిండి సూక్ష్మదర్శినిలో నురుగులా కనబడతాయి, అందుకే వాటిని నురుగు కణాలంటారు. అవి అక్కడే చచ్చి, వాటి మీద మరిన్ని వచ్చి చేరి, పుండులాగా తయారవుతుంది. ఆ పుండు ఒకరోజు పగిలితే దాని మీద రక్తం గడ్డకడుతుంది. అదే గుండెపోటు. 1913లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అనిచ్‌కోవ్ అనే ఆయన కుందేళ్ళకు పొద్దుతిరుగుడు నూనెలో కొలెస్ట్రాల్ కలిపి పెట్టి, వాటి రక్తనాళాల్లో ఈ నురుగు కణాలు చూశాడు.

మరి అందరికీ ఊడ్చేవాళ్ళు ఉన్నారు కదా, అందరికీ నలభై నాలుగేళ్ళకే గుండెపోటు రాదేం? ఎందుకంటే ఎత్తిన చెత్తని బయటికి పంపే దారి కూడా ఉంది. ఆ సంగతి తెలిసింది ఒక చిన్నబ్బాయి గొంతులోంచి.

నారింజ రంగు టాన్సిల్స్

అమెరికాలో వర్జీనియా తీరాన, చెసపీక్ అఖాతంలో టాంజియర్ అనే చిన్న దీవి ఉంది. అక్కడివాళ్ళు తరతరాలుగా పీతలు పట్టి బతికేవాళ్ళు. ఊరంతా కలిపి కొన్ని వందల మంది, కొద్దిపాటి ఇంటిపేర్లే. బయటి సంబంధాలు తక్కువ, ఎవరిని చేసుకున్నా ఎక్కడో ఒకచోట చుట్టరికం కలుస్తుంది. చెబుతుంటే మన పక్క పల్లెటూరు గుర్తుకు రావడం లేదూ?

1960 ప్రాంతంలో ఆ దీవికి చెందిన ఐదేళ్ళ బాబుకి టాన్సిల్స్ ఉబ్బితే డాక్టర్లు తీసేశారు. చూస్తే అవి మామూలు ఎర్రటి రంగులో లేవు, పసుపూ నారింజా కలిసిన వింత రంగులో ఉన్నాయి. కోసి చూస్తే నిండా నురుగు కణాలు. టాన్సిల్స్ అంటే మరేమిటనుకున్నారు, మన కాపలా కణాల ఠాణాలే కదా! ఆ కాపలా కణాలన్నీ కొలెస్ట్రాల్‌తో ఉబ్బిపోయి ఉన్నాయి. అక్క గొంతులో చూస్తే ఆ అమ్మాయికీ అంతే.

డోనాల్డ్ ఫ్రెడ్రిక్సన్ అనే డాక్టరు అప్పట్లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కొవ్వుల మీద పని చేసేవాడు. ఆ పిల్లల రక్తం పరీక్షిస్తే, మనం మంచి కొలెస్ట్రాల్ అంటామే, ఆ హెచ్.డి.ఎల్. దాదాపుగా లేదు. 1961లో ఆయన దీనికి ఆ దీవి పేరే పెట్టి టాంజియర్ జబ్బు అన్నాడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపుల నుంచీ చెడిపోయిన జన్యువు అందితేనే ఈ జబ్బు పూర్తిగా బయటపడుతుంది. దీవిలాంటి చోట అది ఎందుకు కనబడిందో వేరే చెప్పాలా?

ఆ జన్యువు ఏదో తేలడానికి మరో ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది. 1999లో మూడు వేర్వేరు బృందాలు ఒకేసారి పట్టుకున్నాయి. దాని పేరు ఎ.బి.సి.ఎ.1. దాని పని ఏమిటంటే, కణంలో ఎక్కువైన కొలెస్ట్రాల్‌ని బయటికి తోయడం. కణానికి అది పెరటి తలుపు అనుకోండి. బయట హెచ్.డి.ఎల్. అనే చెత్త బండి ఖాళీగా నిలబడి ఉంటుంది. పెరటి తలుపులోంచి తోసినదాన్ని ఎక్కించుకుని కాలేయానికి తీసుకుపోతుంది, అక్కడి నుంచి పైత్యరసంలో కలిసి బయటికి పోతుంది. టాంజియర్ పిల్లల్లో పెరటి తలుపు తెరుచుకోదు. బండి నిండదు, నిండని బండి రక్తంలో నిలవదు. అందుకే పరీక్షలో హెచ్.డి.ఎల్. కనపడలేదు. చెత్తంతా ఊడ్చేవాళ్ళ బుట్టల్లోనే ఉండిపోయింది.

ఈ తలుపు కాపలా కణాల్లో ఎంత ముఖ్యమో 2002లో హాలెండులోని లైడెన్‌లో ఎలుకల మీద చూశారు. ఎముకల్లో ఉండే మూలుగలోనే కదా తెల్లకణాలు పుట్టేది. ఈ జన్యువు లేని ఎలుకల మూలుగను తీసి వేరే ఎలుకలకు పెట్టారు. అంటే ఒళ్ళంతా మామూలే, తెల్లకణాల్లో మాత్రమే పెరటి తలుపు లేదు. వాటికి కొవ్వు తిండి పెడితే రక్తనాళాల్లో పూడిక ఎక్కువగా వచ్చింది. ఆ ఒక్క తలుపు తీసేసినందుకు!

అయితే ఇక్కడొక తమాషా ఉంది. టాంజియర్ జబ్బు ఉన్నవాళ్ళందరూ చిన్నవయసులోనే గుండెపోటుతో పోవాలి కదా? అలా జరగలేదు. ప్రమాదం మామూలు వాళ్ళకంటే ఎక్కువే గానీ, అనుకున్నంత ఘోరంగా లేదు. ఎందుకంటే వాళ్ళ రక్తంలో ఎల్.డి.ఎల్. కూడా తక్కువే. చెత్త పోయే దారి మూసుకుపోయింది నిజమే, కానీ వచ్చే చెత్త కూడా తక్కువ. అదృష్టమంటే అదృష్టమే.

ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున లిమోనె అని ఇంకో ఊరుంది. 1930ల దాకా దానికి సరైన రోడ్డు లేదు, పడవలోనే వెళ్ళాలి. అక్కడ కొందరికి హెచ్.డి.ఎల్. చాలా తక్కువ, అయినా గుండెలు భేషుగ్గా ఉన్నాయి! మిలాన్ డాక్టర్లు ఊరు ఊరంతా రక్తం తీసి చూస్తే, చెత్త బండి తయారీలోనే ఒక చిన్న మార్పు ఉన్నవాళ్ళు దొరికారు. వాళ్ళంతా 1700ల నాటి ఒకే జంట సంతానమట. బండ్లు తక్కువే, కానీ ఉన్నవి చురుగ్గా పనిచేస్తాయనుకున్నారు. కాబట్టి రిపోర్టులో హెచ్.డి.ఎల్. ఎంతుందో చూసి ఊరికే సంతోషపడటానికీ లేదు, బెంబేలెత్తడానికీ లేదు. ఇంటి చుట్టరికాల్లో శాపమూ దిగుతుంది, వరమూ దిగుతుంది. ఏది దిగిందో చూడకుండా చెప్పలేం.

మా ఇంటి వీధి తలుపు

మా అన్నయ్యది టాంజియర్ జబ్బు కాదు. అది ప్రపంచంలోనే చాలా అరుదు. మాది దానికి ఎదురు. మా ఇంట్లో పాడయింది పెరటి తలుపు కాదు, వీధి తలుపు.

రక్తంలో తిరిగే ఎల్.డి.ఎల్.ని లోపలికి తీసుకోవడానికి కాలేయానికి తలుపుల్లాంటివి ఉంటాయి. అమెరికాలో డల్లస్ నగరంలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు 1970లలో వీటిని కనిపెట్టి 1985లో నోబెల్ అందుకున్నారు. ఆ తలుపు తయారుచేసే జన్యువు చెడితే ఎల్.డి.ఎల్. కాలేయంలోకి పోలేక రక్తంలోనే తిరుగుతుంది, గోడల్లో దూరుతుంది. ఊడ్చేవాళ్ళ మీద భారం పడుతుంది. పెరటి తలుపు ఎంత బాగున్నా ఎన్ని బుట్టలని మోస్తారు పాపం? పుట్టిన రోజు నుంచీ మోస్తున్నారు! మా నాన్నగారి రక్తనాళాల్లో నలభై ఎనిమిదేళ్ళపాటు జరిగింది ఇదే.

ఈ జబ్బు అరుదేమీ కాదు. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుందంటారు. ఒక్క జన్యువు చాలు, అమ్మ నుంచో నాన్న నుంచో. అది ఉన్న ప్రతి మనిషి నుంచీ ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది.

పరీక్ష చేయించుకోమని డాక్టరుగారు 2018లో చెబితే నేను ఎప్పుడు చేయించుకున్నానో తెలుసా? 2023లో. ఐదేళ్ళ తర్వాత! అన్నయ్య పిల్లలకు కూడా చేయించలేదు. "మగపిల్లాడికి జబ్బుందని ఊళ్ళో తెలిస్తే సంబంధాలు రావు" అని మా అమ్మ అడ్డం పడింది. నేనూ సరే అన్నాను. నాకేం, బాగానే ఉన్నాను కదా అనుకున్నాను.

2023లో మా అమ్మే ఇంకో మాట ఎత్తింది. అన్నయ్య కొడుక్కి ఇరవై రెండు, మా అమ్మాయికి ఇరవై. "మేనబావ ఇంట్లోనే ఉండగా బయట వెతకడం ఎందుకే? ఇంకో మూడేళ్ళాగి ముడిపెట్టేద్దాం" అంది. అన్నయ్యకు ఇష్టమే. నాకు మరీ ఇష్టం. పుట్టింటితో పేగు తెగకుండా ఉంటుంది, పిల్ల వదిన చేతిలో పెరుగుతుంది. మా అమ్మాయి మాత్రం, "ముందు అందరూ రక్తం ఇవ్వండి, తర్వాత చూద్దాం" అని కూర్చుంది. దానికి అప్పటికే ఈ చదువంతా వంటబట్టింది కదా.

రిపోర్టులు వచ్చాయి. నాకు 214. అన్నయ్య కొడుక్కి 201. మా అమ్మాయికి 186, ఇరవయ్యేళ్ళ పిల్లకి! చిప్సూ బజ్జీలూ ఎక్కువ తినేది మా అబ్బాయి, వాడికి 92. చూడండి విడ్డూరం. డాక్టరుగారు ఇంకో పరీక్ష కూడా చేయించారు, జన్యువుని చూసేది. మేనబావా మరదళ్ళు ఇద్దరిలోనూ ఒకే చోట ఒకే తప్పు. మా నాన్నగారి దగ్గర నుంచి ఇద్దరికీ దిగింది.

వాళ్ళిద్దరికీ పెళ్ళి చేస్తే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం, రెండు జన్యువులూ చెడినవే అందడానికి. అది జరిగితే సంగతి వేరు. అలాంటి పిల్లల్లో కొందరికి పదేళ్ళు నిండకుండానే గుండెపోటు వస్తుంది. మోచేతుల మీద, మోకాళ్ళ మీద పసుపు గడ్డలు వస్తాయి. లెబనాన్‌లో దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళు ఎక్కువ కాబట్టి అక్కడ ఇలాంటి పిల్లలు ఎక్కువగా కనబడ్డారు. బీరూట్‌లో ఖచదూరియన్ అనే డాక్టరు 1964లో ఆ కుటుంబాలను చూసే ఈ జబ్బు తరాల్లో ఎలా దిగుతుందో తేల్చాడు. 1984లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి జబ్బున్న ఆరేళ్ళ పాపకు గుండె, కాలేయం రెండూ ఒకేసారి మార్చారు. మంచి తలుపులున్న కాలేయం రాగానే రక్తంలో కొలెస్ట్రాల్ దిగింది. ఆ పాప మరో ఆరేళ్ళు పైచిలుకు బతికింది.

మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలా అవుతుందని నేను చెప్పడం లేదు. మా అత్తగారిది మేనరికమే, ఆవిడ బిడ్డలు నలుగురూ నిక్షేపంలా ఉన్నారు. ఏ జబ్బు వంశంలో దాగి ఉందో తెలిశాక కూడా కళ్ళు మూసుకుని ముడివేస్తే మాత్రం మనదే తప్పు. అన్నయ్యా నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. వద్దనుకున్నాం. పిల్లలకు పెద్ద బాధేమీ లేదు, బాధంతా మాకే. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

అమ్మకు చెప్పడం నా వంతు వచ్చింది. "ఇది నాన్నగారి వైపు నుంచి వచ్చిందమ్మా. ఆయన ఏం తిన్నా తినకపోయినా రక్తంలోనే ఉంది" అని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా నెయ్యి కాదా?" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. 1996లో నాన్నగారి పదకొండో రోజున మా మేనత్తలు పదిమందిలో అన్నారట, "పప్పులో నెయ్యి గరిటెలతో పోసి మా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుంది" అని. ఇరవై ఏడేళ్ళు ఆ మాట లోపల మోసింది మా అమ్మ. అందుకేనేమో తను నెయ్యి ముట్టుకోవడం మానేసింది. మేం వ్రతమనుకున్నాం. అంత మోసిన మనిషే మళ్ళీ తన కోడల్ని అదే మాట అంది చూడండి. నేను కూడా అన్నాను కదా.

మన వంటింటి పని ఎంత?

అలాగని రేపటి నుంచి బాండీ నిండా నూనె పోసుకోండి అని కాదు నా ఉద్దేశం. ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్ళే తయారుచేసుకుంటుంది. కానీ నెయ్యి, వెన్న, వనస్పతి, పామాయిల్, కొబ్బరినూనెల్లో ఉండే గడ్డకట్టే రకం కొవ్వు ఎక్కువైతే కాలేయం తన వీధి తలుపులు తగ్గించుకుంటుంది. అసలే ఒక తలుపు చెడిన మా ఇంటికి అది మరీ చేటు. వనస్పతిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ ఇంకా చెడ్డది. నూనెలూ వనస్పతుల్లో అది రెండు శాతం దాటకూడదని మన దేశంలో 2022 జనవరి నుంచి నిబంధన వచ్చింది. ఇంకోటి. వేరుశనగ నూనె ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదు అని పెద్దక్షరాలతో వేస్తారే, దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. కొబ్బరినూనెలో కూడా!

మా ఇంటి వాళ్ళకు తిండి జాగ్రత్త ఒక్కటే చాలదు, మాత్ర కావాలి. ఆ మాత్ర పుట్టిందీ వంటింటి సరుకులోంచే. జపానులో అకిరా ఎండో అనే ఆయన వేలకొద్దీ బూజులను పరీక్షించి, 1973లో బియ్యం మీద పట్టిన ఒక బూజులో కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం పట్టుకున్నాడు. ఇప్పుడు స్టాటిన్లు అంటున్న మందులకు అదే మూలం. కాలేయంలో తయారీ తగ్గేసరికి, అది చచ్చినట్టు వీధి తలుపులు ఎక్కువ పెట్టుకుని రక్తంలోంచి లాక్కుంటుంది. ఒక మంచి జన్యువు మిగిలి ఉంటేనే ఇది బాగా పని చేస్తుంది. రెండూ చెడితే పెట్టుకోవడానికి మంచి తలుపేది? మేం ఆ పెళ్ళి వద్దనుకోవడానికి ఇది కూడా కారణం.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. ఈ మాత్ర వేసుకుంటున్న అమ్మాయి బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందుగానే డాక్టరుతో చెప్పాలి. సాధారణంగా ఆ నెలల్లో ఆపమంటారు. సొంతంగా ఆపడం, సొంతంగా మొదలుపెట్టడం రెండూ వద్దు.

మీ ఇంట్లో మగవాళ్ళు యాభై ఐదు లోపు, ఆడవాళ్ళు అరవై ఐదు లోపు గుండెపోటుతో పోయిన వాళ్ళున్నారేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఫోటోలకు దండలు వేసేటప్పుడు తేదీ చూసి వయసు లెక్కకట్టండి. నేను ఏనాడూ లెక్కకట్టలేదు. కనురెప్పల మీద పసుపు పొక్కులు, మడమ వెనక లావుపాటి నరం ఉంటే అశ్రద్ధ చేయకండి. తల్లికో తండ్రికో ఈ జబ్బు తేలితే పిల్లలకు పదేళ్ళ లోపే రక్తం చూపించమంటారు. లావుగా ఉన్నవాళ్ళకే వస్తుంది, సన్నవాళ్ళకు భయం లేదు అనే మాట నమ్మకండి. మా అన్నయ్య కంటే సన్నవాళ్ళు మా ఊళ్ళో లేరు.

ఇప్పుడు మా అన్నయ్యకు 248 కాస్తా 70కి దిగింది. పిల్లలిద్దరూ రాత్రి పడుకునే ముందు మాత్ర వేసుకుని ఒకరికొకరు ఫోన్లో గుర్తు చేసుకుంటారు. మరదలికి సంబంధాలు చూస్తున్నామని తెలిసి, "ముందు ఎల్.డి.ఎల్. ఎంతో అడగండి అత్తా, తర్వాత కట్నం మాట్లాడండి" అని మేనల్లుడు నన్ను ఆటపట్టిస్తాడు.

మొన్న దసరాకి పుట్టింటికి వెళ్ళినప్పుడు వదిన గుత్తివంకాయ చేస్తోంది. నేను పీట వాల్చుకుని కూర్చుని, 2018లో అన్నమాటకి క్షమించమని ఎలా అడగాలా అని మథనపడుతున్నాను. వదిన నా మొహం చూసి నూనె సీసా నా చేతికిచ్చింది.

"నువ్వే పొయ్యి. ఆడపడుచువి, ఎంత పోయాలో నీకే బాగా తెలుసు" అంది.

రెండు చెంచాలు పోశాను. "ఇంకొంచెం పొయ్యవే, వంకాయ అడుగంటుతుంది" అంది మా అమ్మ వెనకనుంచి.